తలమీదుగా పోయిన బంతి

కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైల్ స్వొబోడా చేసిన పని ఒక్కటే. వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని వెనక్కి విసరడం. వెనక దూరంగా నిలబడ్డ ఆటగాడు దాన్ని అందుకుని పైకి తన్నుతాడు. ఆ విసురు సరిగ్గా పడినంతకాలం విసిరినవాడి పేరు ఎవరూ అడగరు. నాలుగేళ్ళూ లైల్ పేరు ఎవరూ అడగలేదు. ఆఖరి ఆటలో నెబ్రాస్కా రాష్ట్రమంతా అడిగింది. ఆ రోజు బంతి తన్నాల్సినవాడి తలమీదుగా పోయి, మైదానం చివర బ్యాండువాళ్ళ ట్యూబా అనే పెద్ద ఇత్తడి బాకాకు తగిలి ఆగింది.

తర్వాత సొంత ఊళ్ళో హైస్కూల్ జట్టుకు కోచ్ అయ్యాడు. శుక్రవారం ఆట అయ్యాక శనివారం పొద్దున కాఫీ దుకాణంలో పళ్ళ గుజ్జు పెట్టిన కొలాచీ బన్నులు తింటూ కోచ్‌ను నిలదీయడం ఊరివాళ్ళ అలవాటు. వాళ్ళు ట్యూబా ఊసెత్తేలోపే లైల్ ఎత్తేవాడు. ట్యూబా అడ్డం రాకపోతే బంతి పక్క రాష్ట్రం అయోవాలో పడేదని చెప్పి, అందరికంటే ముందు తనే నవ్వేవాడు.

నవ్వించినంతగా గెలిపించలేకపోయాడు. వరసగా మూడేళ్ళు జట్టు ఓడింది. ఈ ఏడు ఆఖరి ఆట కూడా ఓడితే ఈల అప్పగించి వెళ్ళమని స్కూల్ బోర్డు చెప్పేసింది. ఆ మాట మోసుకొచ్చింది బోర్డు సభ్యుడు, మంగలి ఓర్విల్. ఈల ఊదడం తప్ప తనకేమీ రాదని లైల్ అంటే, అది వచ్చని తనకెవరూ చెప్పలేదన్నాడు ఓర్విల్.

నిజానికి జట్టుకు బాగా వచ్చింది ఒక్కటే, వెనక్కి విసరడం. ట్రెంట్ అనే కుర్రాడి చేత లైల్ వేసవి అంతా అదే చేయించాడు. వేలాడదీసిన టైరులోంచి బంతి దూరేదాకా ఇంటికి పంపేవాడు కాదు. మిగతావి నేర్పడానికి తీరిక దొరకలేదు.

శుక్రవారం ఆట ముగియడానికి కొన్ని సెకన్లే ఉన్నాయి. లైల్ జట్టు ఆరు పాయింట్ల ముందుంది. కానీ బంతి తాము కాపాడుకోవాల్సిన గీతకు అడుగు దూరంలో చిక్కుకుంది. వెనక నిలబడే మైకా దాన్ని తన్నబోతే అవతలివాళ్ళు మీదపడి అడ్డుకోవచ్చు, అక్కడే ఆట పోవచ్చు. బంతి దానంతటదే వెనక గీత దాటిపోతే అవతలివాళ్ళకు దక్కేది రెండు పాయింట్లే. గెలుపు తమదే.

లైల్ ట్రెంట్‌ను పక్కకు పిలిచాడు.

"మైకా తలమీదుగా వెయ్యి. మైదానం బయట పడాలి."

ట్రెంట్ హెల్మెట్ పైకెత్తాడు. "మీరు వేసినట్టా, కోచ్?"

"అచ్చం అలాగే. ట్యూబా ఉందేమో చూసుకోనక్కర్లేదు."

ట్రెంట్ వెళ్ళి, బంతి తలమీదుగా వెనక గీత బయటికి పోవాలని మైకాకు చెప్పి, వంగాడు. విసిరాడు. బంతి నేరుగా వెళ్ళి మైకా చేతుల్లో వాలింది. టైరులోంచి దూరినట్టే దూరింది.

తలమీదుగా పోతుందనుకున్న బంతి చేతుల్లో పడేసరికి మైకా బిత్తరపోయాడు. అలవాటు కొద్దీ తన్నడానికి అడుగు ముందుకేశాడు. అవతలి జట్టు మీదికి వచ్చేస్తోంది. లైల్ టోపీ తీసి వెనక్కి వెనక్కి అని ఊపుతూ, మైదానం పక్కన తనే వెనక్కి పరుగెత్తి, నీళ్ళ డబ్బా మీద వెల్లకిలా పడ్డాడు. అది చూసి మైకాకు చెప్పింది గుర్తొచ్చింది. బంతిని పొట్టకు హత్తుకుని వెనక గీత దాటేశాడు.

ఊరంతా కేకలు వేసింది. కోచ్‌కు మళ్ళీ పాత జబ్బు వచ్చిందని కంచె దగ్గర ఎవరో అరిచారు. మిగిలిన సెకన్లు గడిచి ఆట గెలిచాక ఆ కేకలే చప్పట్లయ్యాయి.

ట్రెంట్ తలవంచుకుని వచ్చాడు. "పైకే వేద్దామనుకున్నా, కోచ్. చేతులు మాట వినలేదు. ఇంకాస్త ప్రాక్టీసు చేసుంటే..."

"నేనైతే ప్రాక్టీసు లేకుండానే వేశాను" అన్నాడు లైల్, తడిసిన ప్యాంటు పిండుకుంటూ.

మర్నాడు కాఫీ దుకాణంలో ఓర్విల్ కొలాచీల పళ్ళెం అతని ముందుకు జరిపాడు. "ఈల నీ దగ్గరే ఉంచుకోమంది బోర్డు. కానీ లైల్, నీకు బాగా వచ్చిన ఆ ఒక్క విసురూ కుర్రాడికి నేర్పలేకపోయావేమయ్యా?"

"నేర్పితే వచ్చేది కాదు ఓర్విల్ అది" అని లైల్ ఆలూబుఖారాది ఏరి తీసుకున్నాడు.