పట్టికలో మొదటి గడి

తూకం యంత్రం సరిగా ఉందో లేదో చూడటానికి ముందు నేనే ఎక్కుతాను. నా బరువు తొంభై నాలుగు కిలోలని నాకూ, మా ఆవిడకూ, ఆ యంత్రానికీ కంఠతా వచ్చు. ఆ అంకె పట్టిక మొదటి గడిలో వేసి, తర్వాత ఆడపిల్లల్ని వరసగా ఎక్కిస్తాను. చివర నా గడి చెరిపేయడం నేను పెట్టుకున్న పద్ధతి.

బడిలో లెక్కలు చెబుతాను. సాయంత్రాలు బాలికల వాలీబాల్ జట్టుకు అంకెలు చూసిపెడతాను. ఆరు జట్ల సగటు బరువులు పోల్చమని కోచ్ అడిగితే పోల్చాను. మిగతా ఐదూ యాభై ఎనిమిది దగ్గరే ఉన్నాయి. మాది దాదాపు అరవై ఒకటి. ఆరింటికీ పటం గీసి, అందులో మా జట్టు గీతకు ఎర్రరంగు వేసి, కింద "మూడు కిలోలు తగ్గాలి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, గోడకు అంటించాను.

"లెక్క తప్పలేదుగా మాష్టారూ?" అన్నాడు కోచ్.

"లెక్కకి మొహమాటం ఉండదండీ," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

జట్టులో అందరికంటే బక్కపిల్లను పిచ్చుక అంటారు. నలభై తొమ్మిది కిలోలు. తగ్గడానికి ఆ ఒంట్లో ఏముంది? సగటు చూసి ఏ ఒక్కరి సంగతీ తేల్చకూడదని ఏటా బడిలో చెప్పేవాణ్ణి, గోడ మీద ఆ ముక్క రాయలేదు. తొమ్మిదో రోజు ప్రాక్టీసులో సర్వీసుకని బంతి ఎగరేసిన పిల్ల, ఎగరేసిన చోటే కింద పడిపోయింది.

ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ నా చేతులు పట్టుకుంది. "మీరైనా చెప్పండి అన్నయ్యగారూ. మీ మాటంటే దానికి వేదవాక్కు. మాష్టారు రాశారని రోజూ కంచం తోసేస్తోందండీ."

పాత బరువెంతో డాక్టరు అడిగితే పట్టిక తీశాను. జట్టులో పన్నెండు మంది. పట్టికలో పదమూడు అంకెలు. మొదటి గడిలో తొంభై నాలుగు. అది తీసేస్తే మా సగటూ యాభై ఎనిమిదే. నా పొట్టను పిల్లల మీద పంచేశాను. గుట్టుగా కొత్త కాగితం అంటించేస్తే ఎవరికీ తెలియదని ఓ క్షణం అనుకున్నాను కూడా. అలా అనుకున్నందుకు ఇంకా సిగ్గేసింది.

రెండ్రోజులకు పిచ్చుక తిరిగొచ్చింది. అందరి ముందూ యంత్రం ఎక్కాను.

"మీరు తగ్గాల్సిన కిలోలు ఇవిగో, ఇక్కడున్నాయి. నన్నూ జట్టులో కలిపేసి లెక్కేశాను. తప్పు నాది."

పదకొండు మంది పగలబడి నవ్వారు. నవ్వనీ, తగిన శాస్తే అనుకున్నాను.

బెంచీ మీద కూర్చున్న పిచ్చుక నవ్వలేదు. గోడ మీది కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"అయితే మాష్టారూ, ఇంక నేను అన్నం తినొచ్చా?"

తలూపాను. దాని మొహంలోకి మాత్రం చూడలేకపోయాను.