ఏరి పారేయలేని కోపం

మిర్చి వ్యాపారి కరుణాకర్ తన కూతురు శాంతి మీద చెయ్యి చేసుకున్నాడు. వారం నుంచి ఆ పిల్ల మాట్లాడటం లేదు. అందుకే బ్రాడీపేటలోని మానసిక వైద్యుల క్లినిక్‌కి వచ్చాడు.

"మనసులో చాలా భాగాలుంటాయండి. మీ కోపం అందులో ఒకటి," అంది డాక్టర్ రెబెకా.

"ఎర్ర మిరపకాయల్లోంచి తాలుకాయ ఏరినట్టు ఏరి పారెయ్యండి మేడమ్, పీడా పోతుంది."

"పారెయ్యకూడదండి. ఎవరికి కాపలా కాస్తోందో దాన్నే అడగండి."

ఒళ్లు మండినా కళ్లు మూసుకుని లోపలే గద్దించాడు. ఎవరికిరా నీ కాపలా?

మిర్చి యార్డులో దళారి చేత చెంపదెబ్బ తిని, నలుగురిలో నవ్వుతూ నిలబడ్డ నాన్న కనిపించాడు. పక్కన పళ్లు కొరుకుతూ చిన్నప్పటి తను.

"మా నాన్నని కొట్టినోణ్ణి వదిలేసి, ఇన్నేళ్లకి నా బిడ్డని కొట్టానండీ," అన్నాడు.

కోపం ఇసుమంతైనా తగ్గలేదు. ఆ కోపంతోనే ఫోన్ తీసి, "తప్పు నాదేనమ్మా," అన్నాడు శాంతితో.