సరోజిని చేతి వణుకు

ధనుంజయరావుకి పరువంటే ప్రాణం. కాకపోతే ఈసారి పణంగా పెట్టింది తన ప్రాణం కాదు, పెళ్ళాం ప్రాణం.

నాగాయలంకలో రొయ్యల చెరువులున్న పెద్దమనిషి. డెబ్భైకి దగ్గర పడ్డ భార్య సరోజినికి పక్షవాతం వచ్చి మింగుడు పడకపోతే బందరు ఆసుపత్రిలో చేర్చాడు. ముక్కులోంచి పొట్టలోకి సన్నటి గొట్టం వేశారు. తలవైపు ఎత్తు పెట్టి, రాగిజావ పలచగా, నిదానంగా పొయ్యాలని నర్సు అలేఖ్య నేర్పింది. మొదటిరోజు బాగానే గడిచింది. మర్నాడు మొదలైంది గోల. సరోజినికి పక్షవాతం సోకని చెయ్యి వణికిపోతోంది. ఒళ్ళంతా చెమట. దుప్పటి మీద లేని రొయ్యల్ని ఏరుతోంది. ఏరి ఏరి గొట్టం పట్టుకుని లాగేసింది.

"నీరసం అమ్మా. జావ చాలట్లేదు, ఇంకో గ్లాసు పొయ్యండి," అన్నాడు ధనుంజయరావు.

"నీరసం కాదండీ. అమ్మగారికి తాగే అలవాటుందా?" అంది అలేఖ్య.

ఆయన ఓరగా వెనక్కి చూశాడు. మూల కుర్చీలో గుడివాడ నుంచి వచ్చిన చెల్లెలు అరుణకుమారి కూర్చునుంది. ఆవిడ చెవిన పడితే చుట్టాలందరికీ టముకు వేసినట్టే.

"ఎంతమాటమ్మా. మా ఇళ్ళల్లో ఆడాళ్ళు దాని వాసన కూడా చూడరు."

"అలవాటు ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్ రావచ్చండీ, ప్రాణానికే ప్రమాదం. చెప్తే డాక్టరుగారు ఇంజక్షన్ రాస్తారు," అని అలేఖ్య మళ్ళీ గొట్టం వేసే పనిలో పడింది.

ధనుంజయరావు కూర్చున్నాడు, లేచాడు, వరండాలోకెళ్ళి కాఫీ కొని తాగకుండానే పారబోశాడు. చెబితే చెల్లెలి ముందు తలెత్తుకోలేడు, చెప్పకపోతే ఈ మనిషి దక్కదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. లోపలికొచ్చి భార్య కళ్ళల్లో బెదురు చూశాక ఇక ఆగలేకపోయాడు.

"తాగుద్దమ్మా," అన్నాడు, చెల్లెలి వంక చూడకుండా. "రోజూ సాయంత్రం ఓ రెండు మూతలు బ్రాందీ. అంతే."

అరుణకుమారి లేచి వచ్చింది.

"మూతలేంటన్నయ్యా, ఇప్పుడు కూడానా? నీ నోటితో నువ్వే నిజం చెప్తావని ఇందాకట్నుంచీ ఆగా. రోజుకో హాఫ్ బాటిలమ్మా. ఏళ్ళ తరబడి. ఊళ్ళో కొంటే ఈయన పరువు పోతుందని నేనే గుడివాడలో కొని వదినకి పంపిస్తన్నా."

అలేఖ్య డాక్టరు కోసం పరుగెత్తింది. అరుణకుమారి వదిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"తాగొద్దని నువ్వు ఒక్కనాడూ అనలేదంట అన్నయ్యా," అంది. "ఎవరికీ తెలియనివ్వొద్దని మాత్రం రోజూ అనేవాడివంట."

కాదని చెప్పడానికి ధనుంజయరావు నోరు తెరిచాడు. వరండాలో ఎవరో నడుస్తున్న చప్పుడైతే, ముందు వెళ్ళి తలుపు మూశాడు.