మోగని రంజన్

రెండేళ్లుగా గట్టయ్య కోపం తగ్గిందని బెల్లంపల్లి బొగ్గుబాయి క్వార్టర్లలో అందరూ అనుకునేవారు. పెండ్లాం సరోజన అతని వెనక నుంచి ఎన్ని అన్నా మారు పలికేవాడు కాదు. పక్కింటి పోశవ్వ అయితే "నీ పెనిమిటి దేవుడక్కా" అనేది. ఎంత మొత్తుకున్నా దేవుడూ వినడు కాబట్టి సరోజన ఆ మాటను కాదనలేదు.

గట్టయ్య ఇరవై ఏళ్లుగా బాయిలో పనిచేస్తున్నాడు. జట్టు లోపలికి పోయేముందు ఇనుప చువ్వతో పైకప్పును తట్టి చూసేది అతనే. ఖంగుమంటే కప్పు గట్టిగా ఉన్నట్టు, డొల్లగా పలికితే బండ విడిచినట్టు. పోశవ్వ మొగుడు రాజంతో కలిపి తొమ్మిది మంది, గట్టయ్య "మంచిగున్నది" అంటే చాలు, ఆ కప్పు కింద నిలబడి పనిచేసేవారు.

అందుకే ఎండాకాలం వస్తే క్వార్టర్ల ఆడవాళ్లు నీళ్లు చల్లబడే మట్టి రంజన్ కొనడానికి అతన్నే అంగడికి తోలుకుపోయేవారు. పంతొమ్మిది వందల అరవై రెండు ఎండల్లో సరోజనకూ కొత్త రంజన్ కావలసి వచ్చింది. కుమ్మరి దేవవ్వ ఒకటి ముందుకు జరిపి "నువ్వు తట్టినంక నేను చెప్పేదేమున్నదన్నా" అంది. గట్టయ్య వేలి కణుపుతో కొట్టాడు. సరోజన చెవికి అది జలుబు చేసిన గొంతులా బొంగురుగా వినపడింది.

"ఖంగుమన్నది, తీస్కో" అన్నాడు గట్టయ్య.

పొద్దున లేచింది మొదలు నల్లా దగ్గర వరుసలో నిలబడి, నీళ్లు మోసి, పొయ్యి ఊది వచ్చిన మనిషి సరోజన. తన చెవులే అలిసిపోయాయేమో అనుకుని రంజన్ నెత్తికెత్తుకుంది.

తెల్లారేసరికి వంటిల్లు తడిసి ఉంది. రంజన్‌లో సగం నీళ్లు లేవు. పక్కన గోరు పట్టేంత నెర్రె.

"తొవ్వల వగిలింది" అన్నాడు గట్టయ్య.

"తొవ్వంతా నా నెత్తి మీదున్నది. నా నెత్తి గూడ వగిలిందా సూడు" అంది సరోజన.

ఆ సాయంత్రం గట్టయ్య అన్నం తింటున్నాడు. సరోజన వెనక గోడకు చేరగిలబడి, "దేవవ్వకు వాపసు ఇచ్చిరారాదు?" అంది. జవాబు లేదు. ఇంకాస్త గట్టిగా అంది. లేదు. లేచి అతని ముందుకు పోయే ఓపిక లేక చేతిలోని ఇత్తడి చెంబును నేల మీద వదిలేసింది. బండల మీద అది దొర్లిన మోతకు గోడ అవతల నుంచి పోశవ్వ "ఏమైందక్కా?" అని కేకేసింది. గట్టయ్య తాపీగా పచ్చిపులుసు కలుపుకుంటున్నాడు.

సరోజన మోకాళ్లు పట్టుకుని లేచి, వచ్చి అతని ఎదురుగా కూచుంది. గొంతు పెగలనీయకుండా పెదవులు మాత్రం కదిపింది. "పులుసు ఎట్లున్నది?"

"ఉప్పు తక్కువ."

"రేపు ఏ షిఫ్టు?" మళ్లీ మూగగానే.

"పొద్దుగల్దే. గట్ల మొత్తుకుంటవేందే, నాకు చెవుల్లేవా?"

సరోజనకు నవ్వు పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. రెండేళ్ల మంచితనం సంగతి ఇదన్నమాట. పొద్దుగాల షిఫ్టు. తొమ్మిది మంది.

"నీకు ఇనవడ్తలేదయ్యా. నా మూతి సూసి మాట్లాడుతున్నవ్" అంది, ఈసారి గొంతుతోనే.

"పిచ్చిదానా! నీ గొంతు నా చెవుల గణగణమంటున్నది."

అది అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఇందాక తాను ఎత్తని గొంతు కూడా అతనికి నిజంగానే వినపడింది.

సరోజన ఖాళీ రంజన్‌ను తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. తాను అవతల కూచుని, వేళ్లు దాని కడుపు చాటున ఉంచి, కొట్టినట్టు చెయ్యి ఆడించింది. "ఎట్లున్నది?"

"ఖంగుమన్నది. నెర్రె వడ్డా ఖంగుమంటున్నది సూడు" అన్నాడు గెలిచినట్టు.

"నేను కొట్టనే లే."

గట్టయ్య ఎంగిలి చేత్తోనే లేచి ఇటు వచ్చాడు. ఆమె వేళ్లు రంజన్‌కు బెత్తెడు దూరంలో ఆగి ఉన్నాయి. మళ్లీ అవతలికి పోయి కూచున్నాడు. "మల్ల." ఆమె ఆడించింది. "మల్ల." నాలుగోసారికి అతని ముఖం మాడిపోయింది. చెయ్యి ఊగడం కళ్లు చూస్తున్నాయి, అంతే. మిగతాది తలకాయ చూసుకుంటోంది. ఇరవై ఏళ్లుగా పోగేసుకున్న మోతల్లోంచి ఒకటి తీసి కొత్తదన్నట్టు అందిస్తోంది. బాయిలోనూ అంతే అయి ఉంటుంది. దీపం వెలుగులో చువ్వ కప్పుకు తగలడం చూస్తాడు, ఖంగుమన్న మోత వింటాడు.

"పోయిన నెల మేం పక్కకు వోయినంక బండ వడ్డది" అన్నాడు మెల్లగా. "నేను మంచిగున్నదనే చెప్పిన సరోజనా. ఇని చెప్పిన."

"ఇన్నవ్ గని, అది మోగలే."

అతను చెయ్యి కడుక్కుని, తలుపు చాటున ఉన్న ఇనుప చువ్వ తీసుకుని పక్కింటికి పోయాడు. సరోజన గడపలో నిలబడింది.

"రాజం తమ్మీ, రేపటి సంది కప్పు నువ్వు తట్టు. నా చెవులు వోయినయ్."

"మజాక్ చేస్తున్నవా గట్టన్నా? నీ చెవులు వోతే మా పానాలు వోయినట్టే గద."

"గందుకే చెప్తున్న" అన్నాడు గట్టయ్య, రాజం పెదవుల మీది నుంచి చూపు తిప్పకుండా.

మర్నాడు జట్టు మీది అధికారి సర్దార్‌కూ తనే చెప్పుకున్నాడు. పది రోజుల తర్వాత అతన్ని బాయి పైన దీపాల గదిలో పనికి వేశారు. ఇప్పుడు క్వార్టర్లలో ఎవరూ రంజన్ కొనడానికి పిలవరు. దీపాలు తుడిచి వచ్చి అరుగు మీద గోడ వైపు తిరిగి కూచుంటాడు.

సరోజనకు మాత్రం ఒక పని పెరిగింది. వెనక నుంచి తిడితే దండగ అని తెలిసిపోయింది. ఏదైనా అనాలంటే ఇంటి పనంతా అయ్యాక, ఆ మోకాళ్లతోనే లేచి, చుట్టూ తిరిగి అతని ముందుకు పోయి నిలబడాలి. అంత దూరం పోయేసరికి తిట్టే ఓపిక ఉండదు.

"అన్నం తిందువు రా" అని మాత్రం చెప్పి వస్తుంది.