ఎడమచేతి డార్టు

రెండో డార్టు జీతగాడు ఎల్లయ్య నెత్తికి రెండంగుళాల ఎత్తున బోర్డులో దిగబడింది. ఎల్లయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అతని చేతులు రెండూ వెనక్కి విరిచి పసుపు షెడ్డు గుంజకు కట్టేసి ఉన్నాయి. తల వెనక డార్టు బోర్డు.

"కదలకు," అన్నాడు మల్లేష్. "గీ చేత్తో నేనెన్నడు ఇసరలే. కదిలినవంటే నీ కన్నే పోతది."

అది ఎడమ చెయ్యి. కుడి చేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ఆ కట్టు లోపల బొటనవేలూ, చివరి రెండు వేళ్ళూ మాత్రమే మిగిలాయి. డార్టు పట్టుకోవాల్సిన మిగతా రెండు వేళ్ళూ పదకొండు రోజుల కిందట పసుపు డ్రమ్ములో పోయాయి.

"ఇరవై!" అని అరిచి, పలక మీద సుద్దతో అంకె వేశాడు మల్లేష్ అన్న సాయిలు. "మొదటిది గోడకు పోయింది, సున్న. నవ్వు తమ్మీ, ఆట మంచిగనే నడుస్తుంది."

ఆర్మూర్ నుంచి గల్ఫ్ పోయినవాళ్ళలో తాపీ మేస్త్రీలున్నారు, డ్రైవర్లున్నారు. డార్టులు విసిరి జీతం తెచ్చుకున్నవాడు మల్లేష్ ఒక్కడే. మొదట పోయింది మాత్రం సాయిలు. బహ్రెయిన్‌లో ఒక క్లబ్బులో బల్లలు తుడుస్తూ ఆట నేర్చాడు. తమ్ముణ్ణి పిలిపించుకుని నేర్పాడు. నాలుగేళ్ళకు సాయిలు చేతికే తెగులు పట్టింది. గురి చూస్తాడు, చెయ్యి వెనక్కి తీస్తాడు, వేళ్ళు డార్టును వదలవు. నొప్పి లేదు, వాపు లేదు. ఒక పోటీలో నిండు జనం ముందు అలాగే బిగుసుకుపోయి నిలబడ్డాడు. క్లబ్బంతా నవ్వింది. మల్లేష్ కూడా నవ్వాడు.

సాయిలు ఇంటికొచ్చి పసుపు వేసుకున్నాడు. అతని చోట్లో మల్లేష్ నిలబడ్డాడు. ఒక కంపెనీ తన పేరున్న అంగీ తొడిగించి నెలనెలా జీతమిచ్చింది. ఏప్రిల్‌లో దుబాయ్ పోటీ గెలిస్తే ఇంగ్లండు పంపిస్తానంది. ఆలోపు నెల సెలవు దొరికితే 2008 మార్చిలో ఊరికి వచ్చాడు. పసుపు పనులు జోరుగా ఉన్నాయి. అన్నకు సాయం చేద్దామని రోజూ షెడ్డుకు వచ్చేవాడు.

మోటారుతో తిరుగుతూ పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే ఇనుప జాలీ డ్రమ్ము అది. మోటారుకు కావలసిన కరెంటు ఒక వారం పొద్దున వస్తే, ఇంకో వారం మధ్యాహ్నం వస్తుంది. అందుకే ఇక్కడి బావి మోటార్లన్నింటికీ ఆటో స్టార్టరు డబ్బా ఉంటుంది. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. డ్రమ్ముకు మాత్రం ఎవరూ దాన్ని బిగించరు. అందులో మనుషులు చేతులు పెడతారు.

ఆ రోజు బిగించి ఉంది. షెడ్డు తలుపు మీద 'కరెంటు 2 గంటలకు' అని సుద్దతో రాసి ఉంది. రోజూలాగే మల్లేష్ పదకొండింటికి డ్రమ్ములో చెయ్యి పెట్టి, జాలీలో ఇరుక్కున్న కొమ్ములు లాగుతున్నాడు.

కరెంటు పదకొండింటికే వచ్చింది.

అతను దవాఖాన నుంచి తిరిగొచ్చేసరికి తలుపు మీద రాత తుడిచేసి ఉంది.

"పటేలా," అన్నాడు ఎల్లయ్య కళ్ళు తెరవకుండానే. "బావికాడి డబ్బా మోసుకొచ్చింది నేనే. అబద్ధమెందుకాడాలె? గని..."

"ఇన్నవా? ఒప్పుకుండు!" సాయిలు మధ్యలోనే అందుకున్నాడు. "లేచి స్విచ్చెయ్య బద్ధకమైతదని వీడే డ్రమ్ముకు బిగించిండు. తలుపు మీద తప్పు రాసింది గుడ వీడే. ఇంక సూస్తవేంది, ఏసెయ్ మూడోది."

మల్లేష్‌కు ఇంకేమీ వినబడలేదు. దుబాయ్ లేదు, ఇంగ్లండు లేదు. ఈ జీతగాడి బద్ధకానికి తన వేళ్ళు పోయాయి. చెయ్యెత్తి విసిరాడు.

డార్టు ఎల్లయ్య చెవి తమ్మెను బోర్డుకు కుట్టేసింది. షెడ్డు అదిరేలా అరిచాడు ఎల్లయ్య.

"ఓర్నీ! ముసలోనికి పోగు కుట్టినవ్ గదరా!" సాయిలు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే జేబులోంచి ముందే రాసి తెచ్చిన కాగితం తీశాడు. "ఇగ చాలు తమ్మీ. తప్పు తనదేనని దీని మీద వీనితోని పెట్టిపిస్తే, పోలీసు ఠాణల ఇచ్చొస్త."

సాయిలు ఎల్లయ్య కుడి చేతిని తాడు నుంచి విడిపించాడు. రెండో జేబులోంచి చిన్న రేకు డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల నీలి సిరా మెత్త.

"గదేంది అన్నా?" అన్నాడు మల్లేష్.

"ఏలుముద్రకు. వీనికి సంతకం..."

సాయిలు నాలుక కరుచుకున్నాడు.

"సంతకం రాదా?" అన్నాడు మల్లేష్.

ఎల్లయ్య చెవి నుంచి రక్తం మెడ మీదికి కారుతోంది. "నాకు ఒక్క అచ్చరం రాదు పటేలా," అన్నాడు ఎల్లయ్య. "బస్తాల లెక్కకు గుడ గీతలే గీస్త."

మల్లేష్ పలక వైపు తిరిగాడు. ఇరవైలోని రెండు, తోకను సున్న కిందికి పొడుగ్గా లాక్కుని ఉంది. బహ్రెయిన్‌లో నాలుగేళ్ళు తన లెక్క పలకల మీద అన్న వేస్తుంటే చూసిన రెండు. తలుపు మీద, 'గంటలకు' కిందికి తోక లాగిన రెండు.

ఏడడుగుల దూరం నడిచి ఎల్లయ్య దగ్గరికి పోయాడు. చెవిలోని డార్టును ఎడమ చేత్తో పీకాడు. ఎల్లయ్య పళ్ళు కరుచుకున్నాడు.

"డబ్బా తెమ్మన్నదెవడు?"

"ఎనకా ముందు సూస్కొని, సోంచాయించి చెప్పురా ఎల్లిగా," అన్నాడు సాయిలు నెమ్మదిగా. "నీ కొడుకు గుడ నా పొలంలనే ఉన్నడు."

ఎల్లయ్య మొదట ఆ గొంతు వచ్చిన వైపు చూశాడు. తర్వాత మల్లేష్ కట్టు వైపు చూశాడు. చివరికి మల్లేష్ చేతిలో తన రక్తం కారుతున్న డార్టును చూశాడు.

"గిప్పుడడిగినవ్ పటేలా," అన్నాడు. "చెవి గుచ్చకముందు అడిగితే గప్పుడే చెప్పేటోన్ని. డబ్బా తెమ్మన్నది, బిగించింది, తలుపు మీద రాసింది, తుడిచింది, అన్నీ ఒక్కడే. నీ అన్న. సాయిలు పటేలు."