నా సాక్ష్యం

చాయ్ అయిందని వంటింట్లోంచి పిలిచాను. ముందు గదిలో ఫోన్ చూసుకుంటున్న మా ఆయన కాలేబు తల కూడా ఎత్తలేదు. మళ్లీ పిలిచాను. చివరికి వణికే చేత్తో నేనే కప్పు పట్టుకెళ్తే, సాసర్లో ఒలికిన చాయ్ వంక చూసి, "పిలిస్తే నేనే వస్తుంటి గద" అన్నాడు. పిలిచాను మహానుభావా, రెండుసార్లు పిలిచాను. ఆ మాట కూడా లోపలే ఉండిపోయింది.

ఒకప్పుడు మా పాల్మాకుల చర్చిలో నేను పాటెత్తుకుంటే మైకు లేకుండానే రోడ్డు మీదికి వినబడేది. ఇంట్లో మాత్రం పెళ్లయిన నాటి నుంచీ ఒకటే మాట: "యేసుమణీ, జర మెల్లగ. పక్కింటోళ్లు వింటరు." కిరాయి ఇంట్లోనూ అదే, సొంత ఇంట్లోనూ అదే. అందుకే గొంతు తగ్గుతుంటే ఎవరికీ అది రోగమనిపించలేదు, గుణం మారిందనుకున్నారు. ఓ ఆదివారం, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పే వేళ ఆయన లేచి, దేవుడు మా ఇంటామె కోపం తీసేసి నెమ్మది ఇచ్చిండని, ఇప్పుడు ఎదురు మాట్లాడ్తలేదని మైకులో చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేనూ అన్నాను. చెయ్యి వణకడం మొదలయ్యాక గానీ నన్ను దవాఖానకు తీసుకుపోలేదు. పార్కిన్సన్స్ అని, గొంతు పోతున్నదీ దానివల్లేనని అప్పుడు తెలిసింది.

రాజేంద్రనగర్‌లో స్పీచ్ థెరపీ చేసే మనీషా నన్ను నిలబెట్టి, ఊపిరి నిండా తీసుకుని పొడుగ్గా 'ఆ' అనమంటుంది. నాకు అరిచినట్టనిపిస్తుందట గానీ బయటికి మామూలుగానే వినిపిస్తుందట, సిగ్గుపడొద్దట. అరిచే ఆడదానికి ఏం పేరొస్తుందో నాకు తెలియదా? ఆయన్ని కూడా పిలిపించి, నా మాట తగ్గినప్పుడల్లా గట్టిగా చెప్పమని గుర్తు చేయాలంది. ఇంట్లో వాడకపోతే ఉన్న గొంతు కూడా నిలవదంది. ఆయన తలూపాడు. ఇంటికొచ్చి నేను 'ఆ' అనగానే లేచి కిటికీ మూశాడు.

రోజూ వాడే మాటలే గట్టిగా అంటూ సాధన చేయాలి. అవేంటని మనీషా అడిగితే నాకు గుర్తొచ్చినవి చెప్పాను. అన్నం పెట్టనా, నీళ్లు తోడనా, ఇస్త్రీ అయింది, సరే. ఆమె రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టింది.

"నీ కోసం ఒకటి చెప్పు అక్కా."

చాలాసేపు ఏదీ తోచలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. చివరికి అన్నాను: "నేను చెప్పేది ఇంక ఒడవలేదు."

ఇంకా అయిపోలేదన్న ఆ మాటనే బాత్రూంలో నల్లా తిప్పి, ఎయిర్‌పోర్టులో దిగే విమానం ఇంటి మీదుగా పోయేటప్పుడు అరిచి అరిచి నేర్చుకున్నాను.

నిన్న ఆరాధనలో సాక్ష్యానికి నేను లేచాను. మైకు అందించే పని ఎప్పుడూ ఆయనదే. నా పక్కకొచ్చి నిలబడ్డాడు గానీ, చెయ్యి చాపితే ఇవ్వలేదు. ఊపిరి నిండా తీసుకున్నాను.

"నాకొచ్చింది నెమ్మది గాదు, రోగం. నేను చెప్పేది ఇంక ఒడవలేదు."

గొంతు చిరిగేలా అన్నాననుకున్నాను. ముందు చాప మీద కూర్చున్న అనంతమ్మ కూడా వినబడక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా పెదాల వంకే చూస్తోంది. పక్కనున్న ఆయనకు మాత్రం వినబడింది. ఆయన మొహంలో తెలిసింది. మైకు తన నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"దేవుడిచ్చిన నెమ్మదికి మా ఇంటామె స్తోత్రం చెప్తున్నది."

చర్చంతా స్తోత్రం అంది. ఆయన నా భుజం మీద చెయ్యేసి, కూర్చోమన్నట్టు నొక్కాడు.

నేను కూర్చోలేదు. మళ్లీ ఊపిరి తీసుకున్నాను.