హియర్, లిజన్ చెప్పిన రోజు

ఇంగ్లీషు టీచరమ్మ చెవులు పనిచెయ్యడం మానేసి ఏడాది దాటింది. ఆ సంగతి బయటపడితే ఉద్యోగం ఊడుతుందని ఆమెకు చచ్చేంత భయం. ఇంట్లో మొగుడికి కూడా చెప్పలేదు. ఆయన సణుగుడు వినబడకపోవడం ఒక్కటే కలిసొచ్చిందనుకోండి! ఎదుటివాళ్ల పెదవులు చూసి మాటలు పోల్చుకుంటూ నెట్టుకొస్తోంది. క్లాసులో మాత్రం కట్టుదిట్టం చేసుకుంది. ఎవరూ కూర్చున్నచోటి నుంచి మాట్లాడకూడదు, చెయ్యెత్తాలి, ఆమె తలూపేదాకా లేవకూడదు. పిల్లలకు ఆమె అంటే హడల్.

ఆ రోజు మూడో అంతస్తులో పాఠం చెబుతోంది.

"హియర్ అంటే వినబడటం. మీరు పనిగట్టుకుని ఏమీ చెయ్యక్కర్లేదు, శబ్దం దానంతటదే చెవిన పడుతుంది. లిజన్ అంటే చెవి పెట్టి వినడం. అది మీరు చేసే పని. ఏదైనా వింటున్నామని చెప్పాలంటే లిజన్ తర్వాత టు రావాలి, హియర్‌కి అక్కర్లేదు. ఐ యామ్ లిజనింగ్ అంటాం గానీ, మామూలుగా ఐ యామ్ హియరింగ్ అనం. రాసుకోండి."

బోర్డు వైపు తిరిగి తీరిగ్గా అయిదు ఉదాహరణలు రాసింది.

వెనక్కి తిరిగేసరికి ముప్పై చేతులూ పైకి లేచి ఉన్నాయి. ముందు బెంచీ పిల్ల ఏడుస్తోంది. తలుపు అద్దంలోంచి చూస్తే వరండా ఖాళీ, ఎదుటి క్లాసు ఖాళీ. గోడ మీద ప్రమాదపు గంట కింద ఎర్రలైటు ఆరి ఆరి వెలుగుతోంది. ఎప్పటి నుంచి మోగుతోందో ఏమో! తాను తలూపలేదని ఒక్కరూ కదల్లేదు.

"పరుగెత్తకండి, నా వెంట రండి!"

మెట్లు దిగుతూనే పిల్లల తలలు లెక్కపెట్టింది, లెక్క తప్పింది, మళ్లీ మొదలుపెట్టింది.

కింద హెడ్ మేడం గడియారం చూసుకుంటూ నిలబడి ఉంది. మంటా లేదు, పొగా లేదు, వట్టి డ్రిల్లు.

"అందరూ రెండు నిమిషాల్లో దిగారు. మీకు ఆరెందుకు పట్టింది?"

టీచరమ్మ నోరు తెరిచేలోపే ముందు బెంచీ పిల్ల ఇద్దరి మధ్యకూ వచ్చింది.

"మాదే తప్పు మేడం. మేమే కబుర్లలో పడి టీచర్ మాట వినిపించుకోలేదు."

మిగతావాళ్లు గబగబా తలలూపారు.

అంటే వీళ్లకు ఎప్పుడో తెలుసు. తెలిసీ కడుపులో పెట్టుకున్నారు. నిజంగా మంటలే లేచి ఉంటే, ఆమె గుట్టు కాపాడుతూ ఈ పిల్లలు ఆ బెంచీల మీద అలాగే కూర్చుని ఉండేవాళ్లు.

"వాళ్ల తప్పేం లేదు మేడం," అంది. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఆమెకే తెలియలేదు. "నాకు చెవులు వినబడవు. ఏడాది నుంచీ వినబడటం లేదు."